బొంతను మరిచిన కొలత

చౌటుప్పల్ల నా వెల్డింగు దుకాణం ముందట నిలబడి ఎవరన్న "పని ఎట్ల నడుస్తాందే?" అని అడిగితే నిజం చెప్పిన పాపాన పోను. ఒకపారి నేను చేసిన మంచం గాలిదుమారానికి లేచి, మీద పన్న బర్రెతోని సహా నార్కట్‌పల్లిల దిగిందని చెప్పిన. పక్కన చాయ్ హోటలాయన ఊకుంటడా?

"మరి బర్రె కింద పడలేదా మామా?"

"ఎట్ల పడ్తదిరా? మంచానికి అడ్డు కడ్డీలు పెట్టిన గద!"

అందరు నవ్విండ్రు. నవ్వి ఎవరింటికి వాళ్లు పోయిండ్రు. నా ఇంటి తాళం మాత్రం నేనే తియ్యాలె.

ఇంటామె జెరమొచ్చి పోయినంక ఇంట్ల మిగిలింది నేను, నా బిడ్డ. ఐదో తరగతిల దానికి మర్రిగూడ దిక్కు ఒక గురుకులంల సీటొచ్చింది. సంబురంగ మిఠాయి పంచి నేనే తోలొచ్చిన. ఇంటికాడ ఉంటే ఏముంది, బడి ఇడిచినంక నా దుకాణంల నిప్పురవ్వల నడుమ కూసుండుడే. పోయేటప్పుడు బొంత ఒకటి చంకల పెట్టుకుంది. వాళ్లమ్మ చీరలు దొంతి పెట్టి మా అక్క కుట్టిన బొంత అది. బిడ్డ పోయినంక తెలిసింది నాకు, పొద్దంత ఊరోళ్లకు చెప్పే అబద్ధాలన్ని సగం వంట అసొంటియని. మాపటికి బిడ్డకు చెప్తేనే అవి ఉడికేటియి.

గప్పుడే హాస్టళ్ల మంచాలకు కొత్త రూల్సొచ్చినయ్. మంచం మీద మంచం ఉండే జాగల పై మంచానికి రెండు దిక్కుల అడ్డు కడ్డీలుండాలె, అవి పరుపు మీంచి జానెడు పైకి లేవాలె, కడ్డీల సందుల పిల్ల తల దూరొద్దు, నిచ్చెన ఊగొద్దు. మా బిడ్డ హాస్టల్ పని పట్టిన కాంట్రాక్టరు ఎంబడి పడి ఆ పని నేనే తీసుకున్న. నా బిడ్డ పండే మంచం ఇంకొకడు ఎందుకు చెయ్యాలె?

పాత మంచాలు కోసి మళ్ల అతికిచ్చిన. తల దూరుతదా లేదా చూడనీకె కొబ్బరిబోండాం తెచ్చి ప్రతి సందుల నూకి చూసిన. దూరలే. పరీక్ష పాసైనంక దాన్ని కొట్టి నీళ్లు తాగిన. చాయ్ హోటలాయనకు మాత్రం పిలగాని తలకాయతోనే చూసిన్నని చెప్పిన.

రెండో శనివారం, తల్లిదండ్రులు పిల్లల్ని చూడవోయే రోజు, ఇంజినీరు సారు గూడ మంచాలు చూడ వచ్చిండు. టేపు తీసి పై మంచం మీద పెట్టిండు. మొఖం చిట్లించిండు.

"జానెడేది? రెండు వేళ్లంత తక్కువుంది."

చూద్దును గద, ప్రతి పరుపు మీద ఇంటికాడికెళ్లి తెచ్చుకున్న బొంత. మనోళ్లకు పట్టుపరుపు ఇచ్చినా దాని మీద బొంత పడితేనే కన్ను మూతపడ్తది. పుట్టినకాన్నుంచి బొంతల పొర్లినోన్ని, కొలిచేటప్పుడు పరుపును కొలిచి బొంతను మరిచిన!

"బొంతలు తీసేస్తె పాస్ చేస్త" అన్నడు సారు.

వార్డెను మేడం, "అయితే ఇయ్యాల్నే అన్ని బొంతలు ఇండ్లకు పంపిస్త" అన్నది.

నా బిడ్డ నిచ్చెన దిగొచ్చి బొంతను కడుపుకు పట్టుకుంది. ఏడ్వలే. "బొంత పోతే నేను గూడ పోత బాపు. రెంటిని ఒక్కపారే తీస్కపో."

సిగ్గులేని గుండె నాది, ఎగిరి గంతేసింది. ఇంటికొస్తదట! మాపటికి అన్నం రెండు కంచాలల్ల పెట్టుకోవచ్చు. సీటు పోతే పోనియ్, చౌటుప్పల్ల బడులు లేవా?

మేడం నా దిక్కు తిరిగింది. "ఏం మేస్త్రీ, కడ్డీ ఇంకింత లేపొస్తదా? వస్తదంటే బొంతలుంచుత. రాదంటే పంపుత."

రాదు మేడం. గంతే అనాలె నేను. ఇనుముకు ఓపిక లేదనో, అతుకు ఇడుస్తదనో ఏదో ఒకటి. బర్రెను గాల్లెకు లేపినోనికి రెండు మాటల అబద్ధం ఒక లెక్కనా? నోరు తెరిచిన. నా బిడ్డ నన్నే చూస్తాంది. నా అబద్ధాలన్నిటికి అదే కదా పెద్ద పరీక్షాధికారి, ఎక్కడ మొదలైతదో ఎక్కడ దాటుతదో దానికి ఎరుకే. కానీ ఆ పొద్దు అది నవ్వనీకె తయారుగ లేదు. నా మాటను నిజమని నమ్మనీకె తయారుగ ఉంది.

"వస్తది మేడం" అన్న. "పైకెళ్లి ఇంకొక పైపు ఏస్తె సరిపోతది."

పిల్లలు క్లాసులకు పోయినప్పుడు వచ్చి పైపులు ఏసిన. నా బిడ్డ మంచం అన్నిటికన్న ఆఖర్న పెట్టుకున్న. అతుకు సల్లారినంక నిచ్చెనెక్కి, ఎవరు చూస్తలేరు గద అని, ఆ బొంత మీద జరసేపు పన్న. చీరల పూలు ఎలిసిపోయినయ్. కొత్త కడ్డీ నా భుజానికి అడ్డంగ గట్టిగ తగిలింది. దొర్లినా పడను. మంచిగనే చేసిన అనిపించింది, ఆ మంచిగ అనిపించుడే జర నొప్పి పెట్టింది.

మళ్ల నెల రెండో శనివారం నాటికి ఇంజినీరు సారు పాస్ చేసి పోయిండు. నేను సర్వపిండి రొట్టెలు పొట్లం కట్టి సంచిల పెట్టుకొని పోయిన. పై మంచం మీద నా బిడ్డ, దాని సోపతి పిల్లలు బొంతల మీద ఒకరి మీద ఒకరు పడి ఇకఇక నవ్వుతాండ్రు. నా బిడ్డ కిందికి దిగొచ్చి సర్వపిండి తుంచి నోట్లె పెట్టుకుంది.

"బిడ్డా, మేడంను అడిగి రెండ్రోజులు ఇంటికి తీస్కపోనా?"

"వద్దు బాపు, రేపు మా ఖోఖో ఉంది. నేను లేకపోతే వీళ్లు ఓడిపోతరు." సర్వపిండి పొట్లం గుంజుకొని మళ్ల నిచ్చెనెక్కింది. నిచ్చెన ఊగలే.

గేటు కాడ మేడం అన్నది, "నీ బిడ్డ మంచిగ కుదురుకుందే."

"కుదురుకోవాలె మేడం" అన్న.

బస్సుల కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్క జాగ చౌటుప్పల్ దాక ఖాళీగనే వచ్చింది. చేతిల ఖాళీ సంచి ఒళ్లెనే పెట్టుకున్న, బిడ్డ కూసుండాల్సిన ఆ జాగల పెట్టబుద్ధి కాలే.