గల్ఫ్ సంచికి పదిమంది సాక్షులు

మా ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెడితే కాకి రాలేదు. విస్తట్లో అన్నం, కోడికూర, ఆయన తాగే బీడీలు పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. పోయినవాళ్ల మనసులో ఏదైనా మిగిలిపోతే కాకి ముట్టదని మావైపు నమ్మకం. అందుకని ఒక్కొక్కరే ముందుకు పోయి మాట ఇస్తారు. మా మరిది "అన్నా, వదినెను మంచిగ చూసుకుంటం" అన్నాడు. కాకి కరెంటు తీగ మీద నుంచి కదల్లేదు. ఆడబిడ్డ "మాసికాలన్ని తప్పకుండ చేస్తమే" అంది. అదీ సరిపోలేదు. ఎండ ముదిరింది. వంటవాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. మరిది నా వైపు తిరిగాడు.

"నువ్వేదన్న చెప్పు వదినా. అన్న ఎన్నడు నీ మాట ఇనలే, కనీసం కాకన్న ఇంటది."

"నీ సంచుల పని ఆగనియ్య," అన్నాను.

కాకి దిగింది. అందరూ భోజనాలకు పోయారు. నేను ఇరుక్కున్నాను.

ఆయన కోరుట్లలో దర్జీ. గల్ఫ్ పోయేవాళ్లకు సంచులు కుట్టేవాడు. పచ్చడి సీసాలు ఒకదానికొకటి తగలకుండా, సకినాలు విరగకుండా, పసుపు బట్టలకు అంటకుండా లోపల అరలు ఉంటాయి. ఇబ్రహీంపట్నం, మేడిపల్లి నుంచి కూడా వచ్చి కుట్టించుకునేవారు. ఆయన పోయినప్పుడు కూడలిలో కట్టిన ఫ్లెక్సీలో ఆయన వెనుక మంచుకొండలు పెట్టి, కింద 'ధ్రువతార' అని రాశారు. ఆయన హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోలేదు. చలి అసలు పడదు.

నేను లైబ్రరీలో పనిచేస్తాను. సూదిలోకి దారం ఎక్కించడానికి నాకు కళ్లద్దాలు, ఓపిక రెండూ కావాలి. సంచులు కుట్టడం తెలిసింది ఆయన దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న మేడిపల్లి ఆమెకే. ఆయన పోయాక గిరాకీ పడిపోయింది. దుకాణం మూస్తే ఆమె మళ్లీ పొలం కూలికి పోవాలి. నేను కాకికి అబద్ధం చెప్పినదాన్ని అవుతాను.

లైబ్రరీకి వచ్చే పేపర్లోనే ఆ ప్రకటన చూశాను. జగిత్యాలలో ఇంక్యుబేటర్ పెట్టారట. చిన్న వ్యాపారాలను ఏడాదిపాటు దగ్గరుంచుకుని చోటు, మిషన్లు, సలహా ఇస్తారట. పోయాను. విత్తనాల దుకాణం పైన రెండు గదులు. గోడల నిండా రంగురంగుల కాగితాలు అంటించి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వారానికోసారి వచ్చే మెంటర్‌కు నలభై ఏళ్లుంటాయి. తాను రెండు కంపెనీలు పెట్టి రెండూ మూసేశానని మొదటి రోజే సంతోషంగా చెప్పింది. మా దగ్గర ఒక్క దుకాణం మూసినవాడు ఏడాది దాకా మార్కెట్ దిక్కు రాడు. ఈమెను పాఠం చెప్పడానికి పెట్టారు.

ఆమె నాకు ఒక ఫారం ఇచ్చింది. "ఆరు వారాల్లో పదిమంది కస్టమర్లతో మాట్లాడాలి మేడం. అమ్మొద్దు, వినండి. ముఖ్యంగా వాళ్లు ప్రయాణం రోజు సంచి సర్దేటప్పుడు పక్కనే కూర్చుని చూడండి. అది చేస్తేనే కమిటీ మీకు ఏడాది సీటు ఇస్తుంది."

భర్త పోయి మూడు నెలలు కాని మనిషిని, గల్ఫ్ పోయేవాడి ఇంట్లో, ప్రయాణం రోజు, పక్కనే కూర్చోమంది. ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

మొదటి ఇంట్లో పిల్లవాడి తల్లి గడప దగ్గరే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేమనుకోకు బిడ్డా. మావోడు ఊరు దాటినంక రా. చాయ్ తాగి పోదువు." రెండో ఇంటివాళ్లు మర్యాదస్తులు. నన్ను పక్కింట్లో కూర్చోబెట్టి, ఏమేం సర్దుతున్నారో గోడ మీద నుంచి అరిచి చెప్పారు. "అక్కా, మామిడికాయ పచ్చడి పెట్టినం! అక్కా, పట్టలేదు, తీసినం!"

మూడో ఇంట్లో బాగా ఆలోచించి నన్ను వెనక వాకిట్లో కూర్చోబెట్టారు. పోయేవాడు ముందు తలుపు నుంచి పోతాడు, సంచి ఫోటో తర్వాత చూపిస్తామన్నారు. అతను పాస్‌పోర్ట్ మరిచాడు. తిరిగొచ్చేటప్పుడు శకునం చెడకూడదని వెనక తలుపు నుంచి వచ్చాడు. ఎదురుగా నేను. వాళ్లమ్మ అతన్ని మంచంలో కూలేసి నీళ్లు తాగించింది.

"పావుగంట కూసో, దోషం పోతది."

"ఫ్లైటే పోతదే అవ్వా!"

మర్నాడు జగిత్యాల పోయి ఫారం ఇచ్చాను. మెంటర్ చదివింది. "ఇంటర్వ్యూ ఒకటి. సమయం ఒక నిమిషం. కస్టమర్ చెప్పింది: 'అయ్యో'. ఇది సంచి గురించా మేడం?"

"కాదు. నా గురించి."

అప్పుడు అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, జాలి పడలేదు. పెన్ను మూత పెట్టింది, తీసింది. "అయితే విమానం దిగినవాళ్లను అడుగుదాం. ఇప్పటికే అక్కడికి చేరినవాళ్లకు ఎవరు ఎదురొస్తే ఏంటి?"

ఇంక్యుబేటర్ గదిలో పెద్ద తెర, మంచి నెట్ ఉన్నాయి. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. మా ఆయన ఫోన్లోని నంబర్లకు వరుసగా వీడియో కాల్ చేశాను. ఇక్కడ గడప దాటనియ్యని వాళ్లు అక్కడ ఫోన్ పెట్టనియ్యలేదు. ఒకడికి చేస్తే గదిలోని ఎనిమిది మందీ తెరలోకి వచ్చారు.

"వదినా, పచ్చడి కారలే. గని వాసనకు పక్క రూమోళ్లు గిన్నెలు పట్టుకొని అచ్చిండ్రు."

"అది సంచి తప్పు కాదురా, పచ్చడి తప్పు," అన్నాడు ఇంకొకడు.

సంచిని వాళ్లు దాచిపెట్టలేదు. మంచం ఇనుప కమ్మీకి వేలాడదీసి అల్మారా చేసుకున్నారు. ఒక అరలో సబ్బు, ఒక అరలో ఛార్జర్, ఒక అరలో దేవుని ఫోటో. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. వేలాడదీయడానికి కుట్టు సరిపోక మెడ దగ్గర చినుగుతోందట. సంచే బరువుగా ఉండి, విమానంలో ఒప్పుకునే తూకంలో ఒక పచ్చడి సీసా నష్టపోతున్నారట. మెంటర్ గబగబా రాసుకుంటోంది.

"ఇంకోటి వదినా. అడుగున సన్నది పొడుగు జేబున్నది. గా జేబు దేనికి?"

"మీరు దేనికి వాడుతుండ్రు?"

"దేనికి పట్టదు. చెయ్యి పెడితే చెయ్యి ఇరుక్కుంటది."

"దువ్వెనకు కావచ్చు," అన్నాడొకడు.

"నీకు జుట్టేడున్నదిరా?"

పదిమందినీ అడిగాను. పదిమందికీ ఆ జేబు ఎందుకో తెలియదు. ఒకాయన అది దర్జీ మరిచిపోయి కుట్టిందన్నాడు. పదేళ్లు మరిచిపోయాడా అని నేనడిగితే, మగవాళ్లు అంతేనన్నాడు.

ఆరో వారంలో కమిటీ కూర్చుంది. బరువు సంగతి వినగానే సిరిసిల్లలో పలుచటి, గట్టి గుడ్డ నేసే మగ్గాల సేటుకు కాగితం రాసిచ్చారు. ఆయన మావాళ్లకు దూరపు చుట్టమే. కొద్ది గుడ్డ అడిగితే ఇయ్యనని మా ఆయనను పదేళ్లు తిప్పాడు. తర్వాత నేను పోతే ఆ కాగితం చూసి నాకు చాయ్ తెప్పించాడు. మరమగ్గాల చప్పుడులో "చుట్టాలమేనాయె!" అని అరిచాడు. మెడ దగ్గర గట్టి కుట్టు వేసే మిషన్ జగిత్యాల గదిలోనే ఉంది, వారానికి రెండు రోజులు వాడుకోవచ్చన్నారు. ఏడాది సీటు కూడా కమిటీవాళ్లు ఆ రోజే ఇచ్చారు. ఒకే ఒక్క మాట అడిగారు.

"ఆ అడుగు జేబు ఎందుకు?"

"తెలియదు. నేనెప్పుడూ అడగలేదు."

"తీసేస్తారా?"

ఒక రోజు గడువు అడిగాను. బయటికి వచ్చాక మెంటర్ మెల్లగా అంది. "పదిమంది చెప్పాక కూడా ఉంచితే అది మొండితనం మేడం."

"ఆయనది మొండితనమే."

బస్సులో కోరుట్ల దాకా ఆలోచించాను. కాకి ముందు సంచుల పని ఆగనియ్యనన్నాను. మారనియ్యనన్నానా, లేదా? గుర్తుంది, అనలేదు. అయినా ఆ జేబు ఆయన ఒక్కడికే తెలిసిన పని. తీసేస్తే ఎందుకు పెట్టాడో ఇంక అడగడానికి కూడా ఏమీ ఉండదు.

దుకాణంలో మేడిపల్లి ఆమె మిషన్‌కు నూనె వేస్తోంది. జేబు తీసేద్దామా అని అడిగాను. ఆమె నూనె డబ్బా కింద పెట్టేసింది.

"ఒక్క సంచికి గా జేబుకే గంట పడుతది వదినా. అన్నకు పదేండ్లు మొత్తుకున్న."

"ఎందుకని అడగలేదా?"

"అడిగిన. 'ఉండనీ' అన్నడు."

"గంతేనా?"

"గంతే. ఇంకోపాలి అడిగితే, 'ఉండనీ అంటున్న గద' అన్నడు."

అచ్చం ఆయన గొంతుతోనే అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగడానికి కొంచెం సేపు పట్టింది, నేను కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన కొలతల అట్టల్లోంచి ఆ జేబుకు వాడే సన్నటి పొడుగు అట్ట తీసి, కత్తెరతో రెండుగా కోశాను.

"నీకు ఇంకేమన్న కష్టమున్నదా గీ సంచిల?" అని అడిగాను. పదిమందిని అడిగాను గానీ ఈమెను అడగలేదని అప్పుడే తట్టింది.

ఆమె కాలితో స్టూలు నా వైపు జరిపింది. "గట్లయితె కూసో వదినా. చాన ఉన్నయ్."