ఎద్దుకు చెప్పుకున్న మాటలు

మా వృద్ధుల సంఘం వార్షికోత్సవానికి ఈసారి ఉపన్యాసాలు వద్దు, నాటిక వేద్దాం అని మొదట అన్నది నేనే. అన్న మరునాటి నుంచే నా మనసు ఒకచోట నిలవడం మానేసింది.

నేను ఎంచుకున్నది చిన్నప్పుడు బడిలో చదివిన పాత కథ. ఇద్దరు అన్నదమ్ములు వేరుపడతారు. ఇల్లు, పొలం, గిన్నెలు అన్నీ పంచుకుంటారు. ఒక్క ఎద్దు మాత్రం ఉమ్మడిగా మిగులుతుంది. మాటల్లేని ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పవలసినవన్నీ ఎద్దుకు చెబుతారు, రెండోవాడు వింటాడు. చివరికి ఎద్దుకు జబ్బు చేస్తుంది. ఇద్దరూ దానికి చెరోపక్క కూర్చుంటారు. తమ్ముడు పలుపుతాడు విప్పి అన్న చేతిలో పెడతాడు. ఒక్క మాటా మాట్లాడడు. కథ అక్కడితో అయిపోతుంది.

పుస్తకంలో ఆ మౌనం బాగుంటుంది. ఫంక్షన్ హాల్లో, ఫ్యాన్ల చప్పుడు మధ్య, తాడు చేతులు మారడం వెనక కుర్చీల వాళ్లకు కనబడనే కనబడదు. అందుకని ఒక మాట చేర్చాను. తాడు ఇస్తూ తమ్ముడు "అన్నా" అంటాడు. ఆ రోజు డైరీలో "ముగింపు కుదిరింది" అని రాసుకున్నాను. మరునాడు ఆ వాక్యాన్ని కొట్టేశాను. అది కథ రాసినాయన మాట కాదు, నా మాట.

రిటైరయ్యే దాకా ఆఫీసులో ఫైళ్లు చూసినవాణ్ణి. కాగితం మీద గళ్లు గీయనిదే నాకు ఏ పనీ తోచదు. సంఘంలో ఎవరి గొంతు ఎంత దూరం వినిపిస్తుంది, ఎవరికి నిలబడే ఓపిక ఉంది అని గళ్లు గీసి చూస్తే ఇద్దరు తేలారు. సొంత అన్నదమ్ములు. ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. బొంగులూరు దగ్గర తన వాటా భూమిని అన్న ఇళ్ల ప్లాట్లు వేసే వెంచర్ వాళ్లకు అమ్మాడు. వాళ్లు గోడ కట్టేసరికి తమ్ముడి పొలానికి పోయే బాట మూసుకుపోయింది. ఊరందరికీ తెలిసిన సంగతే. మాట్లాడుకోనివాళ్లకు మౌనం నేర్పే పని ఉండదు కదా అని నేను లెక్క వేసుకున్నాను.

మా ఆవిడ ఆ కాగితం చూసి, "మంచోళ్లనే దొరకబట్టిండ్రు. కొట్టుకుంటే దవాఖానకు మీరే తీస్కపోవాలె" అన్నది.

ఇద్దరూ ఒప్పుకున్నారు. తమ్ముడు వయసులో ఉన్నప్పుడు భాగవతాల్లో వేషాలు కట్టినవాడు, వేషమంటే కాదనలేడు. అన్న ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అప్పుడు తెలియదు.

సాయంత్రాలు మా మేడ మీద రిహార్సళ్లు. నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి తిరుగుతూ వచ్చి మధ్య మధ్య మా మాటలు మింగేసేది. ఎద్దుకు బదులు పాత నులకమంచం వేసి దాని కోడుకు తాడు కట్టాను. మంచంతో మాట్లాడేటప్పుడు ఇద్దరికీ ఎంత బాగా మాటలు వచ్చేవో చెప్పలేను. ఆట ఆగగానే ఇద్దరూ చెరోవైపు తిరిగేవారు.

అన్న తాడు గట్టిగా లాగితే తమ్ముడు నావైపు తిరిగేవాడు. "సార్, ఆయనకు చెప్పుండ్రి. అది మంచం, ఉరికిపోదు."

అన్న కూడా నాకే చెప్పేవాడు. "గట్టిగ పట్టకుంటే ఎనుకున్నోళ్లకు కనబడదని చెప్పుండ్రి సార్."

చేయి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉండేవారు ఇద్దరూ. నేను ఒకరి మాట ఒకరికి శ్రద్ధగా తిరిగి చెప్పేవాణ్ణి. చాయ్ తెచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "మంచమెందుకు, ఎద్దు మీరే అయిండ్రు గదా" అని కిందికి దిగిపోయింది.

చివరి మాట దగ్గర మాత్రం తమ్ముడు ప్రతిసారీ ఆగేవాడు. దగ్గేవాడు. ఆట నాటికి అంటానులే అనేవాడు. నేనూ తొందరపెట్టలేదు, నాకే ఆ మాట మీద నమ్మకం లేదు. పొద్దున చెరువు కట్ట మీద నడుస్తున్నా అదే రంది. ఉంచితే కథ చెడుతుంది, తీస్తే చూసేవాళ్లకు ఏమీ అందదు. తీశాను, ఉంచాను, మళ్లీ తీశాను. స్క్రిప్టులో ఆ చోట రబ్బరు రుద్ది రుద్ది కాగితం పలచబడింది. అన్నం తింటున్నా మధ్యలో లేచి వెళ్లి చూసుకునేవాణ్ణి.

చివరికి తీసేయాలనే నిర్ణయించుకుని ఆ సంగతి అన్నకు చెప్పాను. ఆయన మేడ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"తియ్యకుండ్రి సార్. వాడు నన్ను అన్న అని పిలువక ఎన్నేండ్లాయె. నాటకంల అయితే పిలుస్తడు గదా అని ఒప్పుకున్న. లేకుంటే ఈ వయసుల నాకు మొఖానికి రంగెందుకు?"

ఉంచుతానన్నాను. మరునాడే తమ్ముడు ఒక్కడూ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ ఒక్క మాట తీసెయ్యుండ్రి సార్. మిగతాదంత చేస్త. ఉత్తగ అననీకి నాకు రాదు. అంటే నిజంగ అనాలె. నిజంగ అంటే మరి నా బాట సంగతేంది?"

తాడు గురించి, మంచం గురించి అన్ని మాటలూ అటూ ఇటూ మోసిన నేను ఈ రెండు మాటలు మాత్రం మోయలేకపోయాను. అన్న అడిగింది తమ్ముడికి చెప్పలేదు, తమ్ముడు అడిగింది అన్నకు చెప్పలేదు. స్క్రిప్టులో ఆ చోట ఖాళీ వదిలి, అప్పటికి నోటికి ఏది వస్తే అది అనమని తమ్ముడికి చెప్పి పంపాను. ఖాళీ గడి వదిలి నేను సంతకం చేసిన కాగితం మరొకటి లేదు.

ఆట రోజు తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డాను. నిలబడ్డానని పేరే గాని కాళ్లు ఒకచోట ఆగలేదు. జనం బాగానే వచ్చారు. వేదిక మీద కూడా ఎద్దు మా నులకమంచమే. ఎద్దుకు జబ్బు చేసింది. ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. తమ్ముడు తాడు విప్పాడు. అన్న చెయ్యి చాపాడు గాని, ఆయన కళ్లు తాడు మీద లేవు, తమ్ముడి నోటి మీద ఉన్నాయి.

తమ్ముడు తాడు ఇవ్వలేదు. మంచం మీదికి వంగి, దాని పట్టె నిమిరి, నేను ఎక్కడా రాయని మాట అన్నాడు.

"జర అడుగు. పొద్దుగాల షుగర్ గోలీలు ఏస్కున్నడా లేదా?"

వెనక ఎవరో నవ్వారు. పక్కవాళ్లు వాళ్లను ఊరుకోబెట్టారు. అన్న కూడా మంచంవైపే తిరిగాడు.

"ఏస్కున్ననని చెప్పు. మోకాళ్ల నొప్పి గూడ జర నయమే అని చెప్పు."

తమ్ముడు తాడు ఆయన చేతిలో పెట్టాడు. తెర పడింది.

అంత పాతకాలం కథలోకి షుగర్ గోలీలు ఎక్కడివని సంఘం అధ్యక్షుడు నన్ను నిలదీశాడు. ఆయన అడిగింది న్యాయమే. నేను తేరుకునేలోగా అన్నదమ్ములు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు, పలకరించుకోకుండానే.

మరునాడు పొద్దున్నే అన్న వచ్చాడు. అన్నా అనే ఆ పిలుపు వినిపించలేకపోయానని నిష్ఠూరమాడతాడేమోనని భయపడ్డాను. ఆయన మేడ ఎక్కి, రాత్రి హాలు నుంచి తెచ్చి ఇంకా లోపల పెట్టని మంచం మీద కూర్చుని, ఆట మళ్లీ ఎప్పుడని అడిగాడు. వచ్చే ఏడు వార్షికోత్సవానికి చూద్దామన్నాను.

"అందాక ఎందుకు సార్? ఆట లేకున్న మంచిదే, రిహార్సల్ పెట్టుండ్రి. వాడొస్తడో రాడో జర మీరే అడిగి రాండ్రి."

కింద మా ఆవిడ నవ్వు వినిపించింది. నేను చెప్పులు వేసుకుని తమ్ముడి ఇంటివైపు బయలుదేరాను.