దావీదు రాసిన పదకొండు సున్నాలు

1985 ఆగస్టులో నాకు నంద్యాల బదిలీ అయింది. పత్తి పురుగుల మీద పనిచేసే ఒక చిన్న ప్రయోగశాలలో రీసెర్చి అసిస్టెంటు ఉద్యోగం. నా పైన ఒక సైంటిస్టు ఉండేవాడు. నా కింద, ఆళ్ళగడ్డ దగ్గరి చేలలో పురుగులు పట్టే బుట్టలు చూసేందుకు దావీదు ఉండేవాడు. ఆరేళ్ళుగా రోజుకూలీ. ఆ ఏడాది పర్మినెంటు చేయాల్సిన వాళ్ళ జాబితాలో మొదటి పేరు అతనిదే.

మా పని శనగపచ్చ పురుగు వాసనతో. ఆడ రెక్కలపురుగు పొట్ట చివర ఉన్న గ్రంథి నుంచి ఒక వాసన విడుస్తుంది. మనిషి ముక్కుకు అది తెలియదు. అదే జాతి మగపురుగు మాత్రం దాన్ని పట్టుకుని ఎగిరి వస్తుంది. ప్రయోగశాలలో పెంచిన ఆడపురుగు పొట్టను వేళ్ళతో మెల్లగా నొక్కి, బయటికి వచ్చిన గ్రంథిని సన్న కత్తెరతో తీసి, హెక్సేన్ అనే ద్రావకంలో నానబెట్టేవాణ్ణి. ఆ ద్రావకాన్ని గాజు గొట్టంలో సీలు చేసి హైదరాబాదు పంపితే, అక్కడి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అందులోని పదార్థాలను విడదీసి, ఒక్కోదానికి కాగితం మీద ఒక్కో శిఖరం గీసేది. అదే వాసనను కృత్రిమంగా తయారుచేసి రబ్బరు బిరడాలకు పట్టిస్తే ఎర అవుతుంది. ఎరను లింగాకర్షక బుట్టలో వేలాడదీసి, పడిన మగపురుగులను రోజూ పొద్దున లెక్కపెట్టాలి. లెక్క పెరిగితే రైతులను మందు కొట్టమనేవాళ్ళం.

దావీదు ఆ బుట్టలు భుజాన వేసుకుని పోతుంటే టీ బంకు దగ్గర ఎవరో ఒకరు అడిగేవారు: “ఏం దావీదన్నా, పురుగులకు సంబంధాలు చూస్తాండావా?”

“మగోళ్ళే పడతారప్పా. నువ్వు ఈ పక్క రావాకు” అనేవాడు.

నవంబరులో నేను స్వయంగా వెళ్ళి పాత ఎరలు తీసి కొత్తవి కట్టి వచ్చాను. మర్నాటి నుంచి దావీదు పుస్తకంలో సున్నాలు మొదలయ్యాయి. పదకొండు రోజులు వరుసగా సున్నా. పురుగు లేదనుకుని, మందు అక్కర్లేదని రైతులకు కబురు పంపాను.

పన్నెండో రోజు దావీదే నన్ను చేలోకి తీసుకెళ్ళాడు. చిగురాకు తిప్పి చూపించాడు. గసగసాలంత తెల్లటి గుడ్లు. పక్క మొక్కలో, ఆ పక్క మొక్కలో కూడా అవే. మొగ్గలకు అప్పటికే చిల్లులు పడ్డాయి.

“మాపట్యాల నేను చూస్తాండా సార్. పురుగు బుట్ట కాడిదాకా వచ్చి తిరుక్కోని పోతాండాది. మీ వాసనలోనే ఏందో తేడా ఉండాది” అన్నాడు.

ఇన్ని గుడ్లున్న చేలో ఒక్క మగపురుగూ పడకపోవడమేమిటని నిలదీశాను. బుట్టలు చూడకుండానే రాశావన్నాను.

“లేనిది యాడ నుంచి తెచ్చి రాసేది సార్?”

నంద్యాల చేరగానే మెమో రాశాను. లెక్కలు కల్పితమని, అందుకు సాక్ష్యం చేలోని గుడ్లేనని. తన మాట నిజమని నిరూపించుకోవడానికి అతను చూపించిన గుడ్లనే అతని మీద వాడాను. వారంలో దావీదును పనిలోంచి తీసేశారు. జాబితాలోంచి పేరు కొట్టేశారు.

అతను గొడవ చేయలేదు. బుట్టల్లోని ఎరలను విప్పి, కాగితంలో చుట్టి నా బల్ల మీద పెట్టి, పరీక్ష చేయించమని మాత్రం అడిగాడు. పంపకపోతే బాగుండదని గ్రంథుల నమూనాలతో కలిపి పంపాను.

ఫలితం వచ్చిన రోజు గ్రాఫు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. శనగపచ్చ పురుగు శిఖరాల పక్కన, ఉండకూడని చోట మరికొన్ని శిఖరాలు. అవి పొగాకు లద్దెపురుగు వాసనవి. ఆ పురుగుకూ మేం బుట్టలు కట్టేవాళ్ళం. రెండు జాతుల ఎరలనూ వేరు వేరు డబ్బాల్లో తీసుకెళ్ళాలని నియమం. కొత్త ఎరలు కట్టిన ఆ రోజు బస్సులో రెండు డబ్బాలు ఎందుకని, అన్నిటినీ నా స్టీలు టిఫిన్ డబ్బాలో వేసుకెళ్ళాను. రబ్బరు పక్కనున్న వాసనను పీల్చుకుంటుంది. పరాయి జాతి వాసన కలిస్తే మగపురుగు దగ్గరిదాకా వచ్చి మళ్ళిపోతుంది. దావీదు కంటితో చూసి చెప్పింది అదే.

ఫలితం కోసం అతను ఆళ్ళగడ్డ నుంచి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి వచ్చేనాటికి గ్రాఫు నా సొరుగులో ఉంది.

“వచ్చిందా సార్?”

“ఇంకా రాలేదప్పా” అన్నాను.

ఆ తర్వాత అతను రాలేదు. ఎరల సరఫరాలోనే లోపమని సైంటిస్టుకు నోటిమాటగా చెప్పాను. మెమోను వెనక్కి తీసుకోలేదు. నాకు ప్రమోషన్ వచ్చింది.

యాభై రెండో ఏట ఉద్యోగం మానుకున్నాక, ఆ గ్రాఫు తీసుకుని ఆళ్ళగడ్డ వెళ్ళాను. దావీదు చనిపోయి నాలుగేళ్ళయిందని అతని భార్య చెప్పింది. జరిగింది చెప్పాను. ఆమె కాగితం అందుకోలేదు. “ఆయప్పకు ముందే తెలుసు. మీ ఆఫీసోళ్ళకు చెప్పుపో” అంది.

అందుకే ఇది రాస్తున్నాను. బుట్టలో పురుగు పడనప్పుడు ముందు పరీక్షించాల్సింది ఎరను, తర్వాత ఆ ఎర కట్టిన చేతిని. లెక్క రాసిన మనిషిని అనుమానించడం ఆ తర్వాతి మాట. నేను ఆ వరుసను తలకిందులు చేశాను. దావీదు రాసిన పదకొండు సున్నాలూ సరైనవే.