నాయన పోయినాడని పదకొండుసార్లు చదివినాను

నిన్న పొద్దున మా నాయన పోయినాడని మా ఇంటికి నాలుగు పూలదండలు, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు వచ్చినాయి. ఐరాల నుంచి మా అత్త వచ్చింది. నాయన కూడా వచ్చినాడు. కాస్త ఆలస్యంగా, టమోటాలతో.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ నేను చేసినవన్నీ మంచి అలవాట్లే! అదీ నా బాధ.

సంగతేమంటే, నేను ఏడాదిగా ఒక నవల రాస్తా ఉండాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. నేను బ్యాంకు పరీక్షలకు చదువుతా ఉండానని మా నాయన నమ్మకం. "ఈసారి చదవకపోతే చిత్తూరు తీసకపోయి కోచింగ్ హాస్టల్లో పడేస్తా. ఫోనుండదు, ఏముండదు" అని ముందే చెప్పేసినాడు. ఆయన మాటంటే మాటే. కాబట్టి నవల సంగతి నాయనకు తెలిసిన రోజే దానికి ఆఖరు రోజు అని నేను రాసిపెట్టుకున్నాను.

రాయడం నాకు ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి, ఒక మేడం ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ క్లాసులు విని నేర్చుకున్నాను. రోజూ ఒకే టైముకు కూర్చోండి అన్నారు, కూర్చున్నాను. రాసేటప్పుడు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తలుపు గడియ వేసుకోండి అన్నారు, వేసుకున్నాను. అరగంటకొకసారి లేచి నీళ్ళు తాగండి, లేకుంటే నడుము పట్టేస్తాది అన్నారు. తాగినాను. రాసింది నడుస్తా గట్టిగా చదవండి, కంటికి కనిపించని తప్పు చెవికి వినిపిస్తాది అన్నారు. చదివినాను. మొదటి ప్రతి మాత్రం ఎవరికీ చూపించొద్దు అన్నారు. ఇది అన్నిటికన్నా సులభం అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పినారు. మీ ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లా రాయండి అని.

నా నవల మొదట్లోనే కథానాయిక తండ్రి చనిపోతాడు. ముందు నేను రాసింది, "ఆ ఉషోదయ వేళ తండ్రిగారు పరమపదించారు" అని. మేడం మాట విన్నాక సిగ్గేసింది. మా ఇంట్లో ఎవరూ పరమపదించరు. మా తాత కూడా పరమపదించలేదు, పోయినాడంతే. అందుకని ఆ వాక్యం కొట్టేసి, "తెల్లార్తో మా నాయన పోయినాడు" అని రాసినాను. ఎంత బాగుండాదో! నాకే ఒళ్ళు జల్లుమనింది.

నిన్న శుక్రవారం. నాయన తెల్లారుజామున మూడుకే వ్యాను తీసుకుని పలమనేరు మార్కెట్టుకు పోయినాడు, టమోటాలకు. ఫోన్ చార్జింగ్‌లోనే మరిచిపోయినాడు. అమ్మ తిరుచానూరు గుడికి పోయింది. గుళ్ళోకి ఫోన్ ఎందుకని ఇంట్లోనే పెట్టి పోయింది. నేను ఏడుకల్లా మిద్దె ఎక్కి, మెట్ల తలుపు గడియ వేసి, అటూ ఇటూ నడుస్తా చదవడం మొదలుపెట్టినాను.

"తెల్లార్తో మా నాయన పోయినాడు!"

బాగానే ఉండాది గానీ, ఏడుపు చాలలేదు. మళ్ళీ చదివినాను. "మా నాయన... పోయినాడు!" ఈసారి ఏడుపు ఎక్కువైంది. ఒకసారి గొంతు వణికిస్తా, ఒకసారి గోడకానుకుని, ఒకసారి ఊరికే నిట్టూరుస్తా, మొత్తం పదకొండుసార్లు చదివినాను. కింద పెరట్లో ఇంటి ఓనరు రెడ్డెమ్మక్క గుడ్డలు ఉతకతా ఉండాదని నాకేం తెలుసు!

అరగంటైంది. నీళ్ళు తాగాల. క్యాను మెట్ల కింద ఉంటుంది, బాటిల్ తీసుకుని దిగినాను. రెడ్డెమ్మక్క తడి చేతులతోనే వచ్చి నా చెయ్యి పట్టుకునింది.

"పాపా... నాయన పోయినాడా?"

"ఊ, పోయినాడక్కా."

"ఎన్నింటికి పాపా?"

"తెల్లార్తో మూడుకే."

"యాడ?"

"పలమనేరు కదక్కా."

"పక్కన ఎవురన్నా ఉన్నారా?"

"ఎవురూ లేరక్కా. ఎప్పుడూ ఒక్కడే కదా పోయేది."

"అవును పాపా" అనింది ఆమె, ఆకాశం వైపు చూసి. "ఎవురైనా ఒక్కరే పోవాల."

పొద్దున్నే ఈమెకు ఈ వేదాంతం ఏంది అనుకున్నాను. అడగలేదు. తలలో వాక్యాలు తిరగతా ఉండాయి.

"మరి ఈడికి ఎప్పుడు తెస్తారు?"

ప్రతి శుక్రవారం ఆమె మా దగ్గర రెండు కిలోల టమోటాలు తీసుకుంటుంది. "పదికంతా బండి వచ్చేస్తాదక్కా" అన్నాను.

"అమ్మ యాడ?"

"తిరుచానూరుకు పోయింది."

"ఈ పొద్దు కూడానా!"

"మొక్కు ఉండాదక్కా. తప్పకూడదు కదా."

రెడ్డెమ్మక్క నుదురు కొట్టుకునింది. "నువ్వు ఏడ్సు పాపా. లోపల పెట్టుకోవద్దు. ఏడ్సేయ్."

పరీక్షల భయం గురించి చెప్తా ఉండాది, పాపం మంచామె, అనుకున్నాను. "ఏడ్చేంత టైం లేదక్కా, ఈ పొద్దు లెక్కకు ఇంకా మూడు వందల పదాలు ఉండాయి" అని చెప్పి పైకి పోయి మళ్ళీ గడియ వేసుకున్నాను.

పిల్లకు మతి చలించిందని ఆమె అప్పుడే తేల్చుకునిందంట. మా అత్త, అంటే నాయన చెల్లెలు, ఐరాల నుంచి వచ్చినప్పుడల్లా రెడ్డెమ్మక్కతో కూర్చుని సీరియల్ చూస్తాది. నంబరు ఉండాది. ఫోన్ చేసేసింది. అత్త నమ్మలేక నాయన ఫోన్‌కు కొట్టింది. అది మా ఇంట్లో మోగతానే ఉండాది, మిద్దె మీదికి వినపడతానే ఉండాది. ఇరవై సార్లు మోగి ఉంటుంది. నేను దిగలేదు. రాసే టైంలో ఫోన్ ఎత్తకూడదు కదా!

తొమ్మిదిన్నరకు కింద కుర్చీలు దించే చప్పుడు. మనుషుల మాటలు. ఎవరింట్లోనో ఫంక్షన్, మనశ్శాంతిగా రాసుకోనియ్యరు అని విసుక్కున్నాను. రచయిత చుట్టూ జరిగేదంతా గమనించాల అని కూడా మేడం చెప్పినారు. అదొక్కటే పాటించలేదు.

పదికి ఒక ఏడుపు లేచింది. నేను పదకొండుసార్లు ప్రయత్నించి తేలేకపోయిన ఏడుపు! "అన్నా! కొత్త బోరు సూడ్డానికి వస్తానంటివే అన్నా! మూడు బోర్లు ఎండిపోయి నాలుగో దాంట్లో నీళ్ళు పడినాయంటే ఫోన్లోనే నవ్వితివే! ఆ నీళ్ళు ఒక్క గుక్కన్నా తాగకుండా పోతివే!"

గబగబా దిగినాను. వీధంతా ఆడ్నే ఉండాది. అత్త నన్ను వాటేసుకుని, "నాయన్ని యాడ పడుకోబెట్టినారు?" అనింది.

"నాయన పడుకునేదేంది అత్తా? పలమనేరు..."

మాట పూర్తి కాలేదు. వీధి మలుపులో వ్యాను హారన్ వినపడింది. జనం పక్కకు జరిగినారు. నాయన బండి ఆపి దిగినాడు. కుర్చీలు చూసినాడు, దండలు చూసినాడు. తలకు చుట్టుకున్న టవల్ మర్యాదగా తీసి చేత్తో పట్టుకుని, రెడ్డెమ్మక్క దగ్గరికి పోయి మెల్లగా అడిగినాడు.

"ఎవురు పోయినారు?"

"నువ్వే అన్నా" అనింది రెడ్డెమ్మక్క.

ఆ తర్వాత అయిదు నిమిషాలు ఎవరు ఎవరిని తిట్టినారో నాకు సరిగ్గా గుర్తులేదు. చివరికి అందరూ నా వైపు తిరిగినారు. ఇంక దాచడానికేముంది! నవల అని చెప్పినాను. ఏడాదిగా రాస్తా ఉండానని చెప్పినాను. బ్యాంకు పుస్తకాలకు చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదని, అడగకపోయినా చెప్పేసినాను.

నాయన ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాకు చిత్తూరు హాస్టల్ గేటు కళ్ళకు కనపడతా ఉండాది.

"తేపో. సదువు. నేనెట్ల పోయినానో ఇంటా."

తెచ్చినాను. మొదటి ప్రతి ఎవరికీ చూపించొద్దన్నారు. ముప్పై కుర్చీలూ నిండినాయి.

చదివినాను. "తెల్లార్తో మా నాయన పోయినాడు. నా గుండె ముక్కలైంది. ఆకాశం కూలిపోయినట్టయింది..." అర పేజీ. ఆపేసినాను.

అత్తే ముందు నోరు తెరిచింది. "అంతేనా? ఇంతేనామే? నేను బస్సులో చిత్తూరు దాకా ఏడిస్తేనే సగం కాలేదు. నువ్వు అర పేజీలో మా అన్నను సాగనంపేసినావే!"

"నాకేం రోగం?" అన్నాడు నాయన.

"గుండెపోటు నాయనా."

"మన వంశంలో గుండెపోటు ఎవురికుండాది? షుగర్ అని రాయి." టవల్ భుజాన వేసుకున్నాడు. "ఆ ఆకాశం తీసెయ్. మీ అత్త బోరు గురించి చెప్పిందే, అది బాగుండాది. అది రాయి."

నేను అప్పటికే రాసుకున్నాను. చిన్న నోట్‌బుక్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోమన్నారు కదా. అత్త నన్ను వాటేసుకుని ఏడుస్తా ఉంటే, ఆమె వీపు వెనక పట్టుకుని మొదటి రెండు వాక్యాలు గీకేసినాను. ఈ సంగతి అత్తకు ఇంకా తెలీదు.

పదకొండుకు అమ్మ ప్రసాదంతో వచ్చి, కుర్చీల్లో జనాన్ని చూసి ఏమీ అడగకుండా అందరికీ తలా కొంచెం పంచింది. సంగతి అడిగి తెలుసుకున్నాక నాకు ఒక్కటి వేసింది.

"చిత్తూరు ఎప్పుడు నాయనా?" అని సాయంత్రం నేనే అడిగినాను, భరించలేక.

"హాస్టల్ ఎందుకులే. ఆడ నువ్వు ఎవుర్ని సంపుతావో!" అన్నాడు. "ఈడ్నే రాసుకో. పరీక్షలు కూడా రాయి. కానీ మిద్దె మింద సదవద్దు. ఇంకో మాట. ఈ ఇంట్లో ఇంక నన్ను ఎవురూ 'పోయినాడు' అనకూడదు. యాడికైనా సరే."

ఇంట్లో మాట్లాడినట్టు పుస్తకంలో రాయాలని ఏడాది పాటు కష్టపడినాను. పరమపదాలు, ఉషోదయాలు ఒక్కొక్కటీ ఏరి పారేసినాను. ఈ పొద్దున నీళ్ళకు దిగితే రెడ్డెమ్మక్క గేటు దగ్గర నిలబడి, కాస్త దూరం నుంచే అడిగింది. "పాపా, నాయన యాడ?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేసినాను.

"నాన్నగారు క్షేమంగా పలమనేరు మార్కెట్టుకు బయలుదేరి వెళ్లారక్కా. పది గంటలకు తిరిగి విచ్చేస్తారు."

పుస్తకంలోంచి తరిమేసిన భాషంతా వచ్చి నా నోట్లో కాపురం పెట్టింది.