లక్క కరగని సంచి

2018 ఏప్రిల్‌లో నన్ను విత్తన ధ్రువీకరణ అధికారిగా ఆదోనికి వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. పరిధి ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, వాటి చుట్టూ ఉన్న పల్లెలు. ఆఫీసుకు జీపు లేదు. నా సొంత మోటారుసైకిలే శాఖ వాహనం. మా భాషలో ‘టూరు’ అంటే ఎండలో తిరిగి వచ్చి టీఏ బిల్లు రాసుకోవడం. అదే బండెక్కి సరదాకు కొండలూ కోనలూ తిరిగితే ‘టూరింగ్’ అంటారని తర్వాత తెలిసింది. ఆ సరదా మనుషులు వాడే సరంజామాలో ఒకటి ఈ బిల్లు మనిషికీ అవసరపడింది. పెట్రోలు ట్యాంకు మీద కట్టుకునే సంచి.

ఎందుకో చెప్పాలంటే ముందు పని చెప్పాలి. విత్తనం కోసం పండించిన వేరుశనగను గోతాలకెత్తాక, ఆ మొత్తాన్ని మేము ‘లాటు’ అంటాం. అధికారి గోతాల్లో పైనుంచీ, నడుమనుంచీ, అడుగునుంచీ పిడికెడేసి తీసి, కలిపి, గుడ్డ సంచుల్లో పోసి మూతి కడతాడు. ముడి మీద లక్క కరిగించి పోసి, తన ఇత్తడి ముద్ర ఒత్తుతాడు. ఒక సంచి ల్యాబుకు, ఒకటి ఆఫీసుకు, ఒకటి రైతుకు. నూటికి డెబ్బై మొలిస్తే అది విత్తనం, మొలవకపోతే గానుగకు పోయే గింజ. అయితే మొలక కన్నా ముందు ల్యాబువాళ్లు చూసేది ముద్రను. అక్షరాలు చెదిరి ఉంటే సంచి విప్పకుండానే తిప్పి పంపుతారు.

నాకు ముందున్న అధికారి శాంపిళ్లను వెనక క్యారియర్‌కు పాత సైకిలు ట్యూబుతో కట్టుకునేవాడట. ఒకసారి ఎమ్మిగనూరు రోడ్డులో ట్యూబు సాగి సంచి జారిపోయింది. ఆయన వెనక్కి తిరిగి వచ్చేసరికి ల్యాబు చేయాల్సిన పరీక్షను ఒక గొర్రెల మంద పూర్తి చేసింది. అప్పటినుంచీ శాంపిలు అధికారి కళ్ల ముందే ఉండాలని పైనుంచి నోటిమాట ఉత్తరువు. బండి మీద కళ్ల ముందు అంటే ట్యాంకు మీదే. అక్కడ అప్పటికే నా పొట్ట ఆసీనమై ఉంది. దానికి ఇబ్బంది లేకుండా రెండో సంచికి చోటు చూడాలి.

మా ఫీల్డు అసిస్టెంటు మహబూబ్ బాషా నా ఈడువాడే. ఆదోనిలో అతనికి తెలియని దుకాణం లేదు. నచ్చకపోతే తిరిగిచ్చే ఒప్పందం మీద స్పేర్ పార్టుల కొట్టునుంచి ఒక నల్ల సంచి తెచ్చాడు. అడుగున అయస్కాంతాలు. ట్యాంకు మీద పెడితే టపీమని అతుక్కుంటుంది. పైన మ్యాపు పెట్టుకోవడానికి పారదర్శకమైన జేబు. దాన్ని పెట్టుకుని బండి మీద కూర్చుంటే పదేళ్లు తగ్గినట్టనిపించింది. అద్దంలో చూసుకుంటే తగ్గలేదు.

రెండోది ఎమ్మిగనూరులో లారీ టార్పాలిన్లు కుట్టే దర్జీ చేత కుట్టించినది. ఖాకీ కాన్వాసు, నాలుగు తోలు పట్టీలు, నాలుగు బకిల్సులు. పెట్రోలు పోయించుకోవాలంటే నాలుగూ విప్పాలి. హ్యాండిలు పూర్తిగా ఎడమకు తిప్పితే సంచి అంచు హారను మీటకు తగిలి బండి దానంతటదే మోగేది. ఆ సంచితో నేను ఎక్కడికీ చడీచప్పుడు లేకుండా పోలేదు. మహబూబ్‌కు అది ఒక్క చూపులోనే నచ్చలేదు.

“సార్, ఇది కట్టుకొని కోసిగికి పోతే టపా వచ్చిందని జనం ఎదురొస్తారు సార్,” అన్నాడు.

నా మనసూ నల్లదాని మీదే. కానీ గింజను కూడా పరీక్షించకుండా నమ్మని ఉద్యోగం మాది. సంచిని ఎలా నమ్మడం? ఇంట్లోని వేరుశనక్కాయలతో రెండు గుడ్డ సంచులు కట్టాను. ఆఫీసు ముద్రతో ఆటలాడకూడదు కనుక లక్క మీద రూపాయి బిళ్ల ఒత్తాను. నడి మధ్యాహ్నం ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయి, వచ్చాను. ఒక రోజు నల్ల సంచితో, మరునాడు ఖాకీతో.

నల్ల సంచి తెరిస్తే వేడిగాలి ముఖానికి కొట్టింది. లక్క మెత్తబడి పక్కకు జారింది, బిళ్ల మీది అంకె కనబడలేదు. రూపాయి పడిపోతోందని పేపర్లలో చదవడమే తప్ప అంత దగ్గరగా చూడటం అదే మొదలు. పైనుంచి ఎండను నలుపు తాగుతుంది, కింద ఇంజను వేడికి ట్యాంకు కాలుతుంది. ఖాకీ పైవేడిని కొంత ఆపింది గాని అడుగు వేడిని ఆపలేదు. ఆదోని సంతలో ఒక కంబళి ముక్క కొని, మడతపెట్టి అడుగున పరిచి, ముద్రలు పైకి ఉండేలా సర్ది మళ్లీ తిరిగాను. ఈసారి రూపాయి నిలబడింది. మా ఇంట్లో చట్నీకి మాత్రం కాయలు మిగల్లేదు. నల్ల సంచిని కొట్టుకు తిరిగిచ్చేశాము. మహబూబ్ మూడు రోజులు ముభావంగా ఉన్నాడు.

మే నెలలో కోసిగి దగ్గరి పల్లెలో ఉలిగమ్మ, ఈరన్న దంపతుల లాటుకు శాంపిలు తీయాల్సి వచ్చింది. ఏటా వేసవిలో వాళ్లు ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా బెంగళూరులో కట్టడం పనులకు పోయేవాళ్లు. ఆ ఏడు బోరులో నీళ్లు నిలిచి విత్తనపు పంట వేశారు. లాటు పాసైతే ఊళ్లోనే ఉంటారు, పిల్లలు జూన్‌లో బడికి పోతారు. లేకపోతే బెంగళూరే. కూలీలను తీసుకుపోయే మేస్త్రి అప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి పోయాడట.

నడుమ అకాల వర్షం పడి కాయ ఎండటం ఆలస్యమైంది. ఆ సీజనుకు ల్యాబులో శాంపిళ్లు తీసుకునే చివరి రోజునే మేము వాళ్ల కళ్లంలో ఉన్నాం. పార్సిలు వేస్తే అందదు. ల్యాబున్న కర్నూలు దాకా నేనే పోయి, సాయంత్రం కౌంటరు మూసేలోగా ఇవ్వాలి.

లక్క పోస్తుంటే ఉలిగమ్మ పక్కన కూర్చుని చూసింది. ఇది కరిగితే మళ్లీ పోస్తారా అని అడిగింది. ఈ సీజనుకు ఇక కుదరదని ఉన్నమాట చెప్పాను.

“అట్లయితే మీ సంచి సల్లగుండాల సార్,” అంది. “మా బుడ్డలు దాంట్లోనే పోతాండాయి కదా.” అక్కడ వేరుశనక్కాయలను బుడ్డలంటారు.

మహబూబ్ వెనక కూర్చున్నాడు. ఎమ్మిగనూరు చేరేసరికి పెట్రోలు అయిపోవచ్చింది. బంకులో పట్టీలు విప్పడం, మళ్లీ బిగించడం. నల్లదైతే ఒక్క లాగుడుతో వచ్చేదని మహబూబ్ గొణిగాడు. ఊరు దాటాక ఒక చింతచెట్టు కింద ఆపి సంచి తెరిచాను. లక్క గోటికి ఇంకా గట్టిగానే ఉంది గాని దాని మీది నిగనిగ పెరిగింది. అంటే వేడెక్కుతోంది. సంచి మూత తెరిచి, నీడలో కాసేపు గాలి తగలనిచ్చాను. మహబూబ్ గడియారం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

“ముద్ర బాగుండి తలుపు మూసుంటే ఏం చేస్తాం సార్? రెండూ ఒకటే కదా,” అన్నాడు.

ఆ మాటలో న్యాయముంది. నేను ఆగితే కౌంటరు మూస్తారు, ఆగకపోతే లక్క జారుతుంది. తలుపు మూసుంటే బతిమాలుకోవచ్చు, ముద్ర చెరిగితే బతిమాలడానికీ ఏమీ ఉండదు అని చెప్పాను. దారిలో మరోసారి కూడా ఆపాను. ఈసారి మహబూబే దిగి తన తలగుడ్డను సంచికి నీడగా పట్టాడు. కౌంటరు దగ్గర బతిమాలుకోవాల్సి రావచ్చని ఇద్దరికీ తెలుసు.

మేము పోయేసరికి గుమస్తా రిజిస్టరు మూయబోతున్నాడు. మాకు ముందు మరో పరిధి అధికారి ఒకాయన కారులో వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన శాంపిలు వెనక అద్దం కింద పెట్టుకొచ్చాడు. ముద్ర బెల్లం పాకంలా సాగింది. తీసుకోవడం కుదరదన్నారు. ఆయన సంచిని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ సంచి వెనకా ఏదో ఊళ్లో ఎవరో ఎదురుచూస్తుంటారని నాకు అనిపించింది. మా వంతు వచ్చింది. గుమస్తా సంచిని కిటికీ వెలుతురుకు తిప్పి, ముద్రలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పైకి చదివి, తీసుకున్నాడు. మహబూబ్ బయటికి వచ్చి రెండు చల్లటి సోడాలు కొట్టించాడు.

ఫలితం జూన్ మొదట్లో వచ్చింది. లాటు బొటాబొటిగా పాసైంది. ఈరన్నకు ఫోను చేస్తే ఉలిగమ్మ అందుకుంది. మేస్త్రికి రామని చెప్పేస్తానంది. మరుసటి ఏడు బోరు ఎండిపోయింది, వాళ్లు బెంగళూరు పోయారు. దానికి ఏ సంచీ ఏమీ చేయలేదు.

ట్యాంకు సంచి ఎలాంటిది కొనాలని ఇప్పుడు బండి తిరిగేవాళ్లు ఎవరైనా అడిగితే, ముందు అందులో ఏం మోస్తారని అడుగుతాను. జేబులు, రంగు, విప్పడం కట్టడం మోసేవాడి సౌకర్యాలు. సంచిని ఎంచాల్సింది లోపల ఉన్నదాని స్వభావాన్ని బట్టి. ఉద్యోగంలోనూ అంతే. రైతు తన వంతు పని పూర్తిచేసి మన చేతికిచ్చాక, దారిలో దానికి జరిగేదంతా మన పనే.