కోరుట్ల నుంచి బోణి కబురు

మా బాపుకు, మేనత్తకు మాటలు బందైంది మా తమ్ముడి పెళ్లిలో. అత్తకు కోరుట్లలో బట్టల దుకాణం. సొంత చెల్లెలి దుకాణం ఉండగా బాపు పెళ్లి బట్టలన్నీ కరీంనగర్‌లో ఏదో పెద్ద షాపింగ్ మాల్‌లో కొన్నాడు. ఆడబిడ్డకు పెట్టిన చీర కూడా అక్కడిదే. అత్త ఆ చీర మడత విప్పకుండా పీట మీదే వదిలేసి, అన్నం ముట్టకుండా బస్సెక్కింది. ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒక్క కడుపున పుట్టారు మరి!

చిక్కేమిటంటే, సిరిసిల్లలో బాపు తన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేయించే తువ్వాళ్లు అమ్ముడుపోయేది అత్త దుకాణంలోనే. మాటలు బందైనా సరుకు బంద్ కాలేదు. జగిత్యాలలో ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసుకునే నేను మధ్యలో దొరికిపోయాను.

"మీ బాపుకు చెప్పు బిడ్డ, నీలం అంచుయి ఒడిసినయి, ఇంకిన్ని పంపమని."

"మీ అత్తకు చెప్పు, రేపు బస్సుల ఏస్తనని."

నా ఆఫీసు మీటింగుల మధ్య ఈ తువ్వాళ్ల రాయబారం. కొన్నాళ్లు మోసి మోసి విసిగిపోయాను.

అత్త బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్‌కు ఒక ఏపీఐ ఉంది. దుకాణంలో ఏం అమ్ముడైందో బయటి ప్రోగ్రాములు అడిగి తెలుసుకునే దారి అది. ఆ దారిన సొంతంగా పోవాలంటే మర్యాదలు చాలా ఉంటాయి. ముందు మనమెవరమో చెప్పుకోవాలి, ఏ వరుసలో ఏం అడగాలో తెలియాలి, జవాబు రాకపోతే మళ్లీ ఎప్పుడు అడగాలో తెలియాలి. అవన్నీ చూసుకోవడానికి క్లయింట్ లైబ్రరీ అని ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ఒకటి దొరుకుతుంది. సంబంధం మాట్లాడే పెద్దమనిషి లాంటిది. మనం ఒక్క మాట చెబితే మిగతాదంతా అదే మాట్లాడుకొస్తుంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే. అత్తను అడిగి ఆమె ఖాతా తాళంచెవి తీసుకున్నాను. తాళంచెవి అంటే అర్థంపర్థం లేని పొడుగాటి అక్షరాల వరుస. దాన్ని లైబ్రరీ చేతిలో పెట్టి, తువ్వాల అమ్ముడైనప్పుడల్లా బాపు ఫోన్‌కు కబురు పోయేలా రాశాను.

"తువ్వాళ్లయే ఎందుకు, అన్నీ రానియ్యి బిడ్డ," అన్నాడు బాపు. చీరలతో, లంగా బట్టలతో ఆయనకేం పనో నాకప్పుడు అర్థం కాలేదు, అయినా అలాగే మార్చాను.

అవ్వ, అంటే మా అమ్మ, చెబితే తెలిసింది. పొద్దున బోణి కబురు మోగేదాకా ఆయన చాయ్ ముట్టడట. మామయ్య పోయాక అత్త అక్కడ ఒక్కతే ఉంటోంది. బోణి అయిందంటే లేచింది, దుకాణం తెరిచింది, బాగానే ఉంది అని లెక్క. "మాటలు బందే గని చెవులు మాత్రం కోరుట్ల దిక్కే," అని అవ్వ నవ్వేది. నాకు నవ్వు రాలేదు.

ఒక రోజు పొద్దున్నే అవ్వ ఫోన్ చేసింది. "నిన్న పగటిసంది ఫోన్ మోగలేదట. మీ బాపు మొదటి బస్సుకే కోరుట్ల పోయిండు."

"ఫోన్ చేసి అడగకపోయిండా?"

"ఎత్తకపోతే ఎట్ల అని భయం."

గబగబా కంప్యూటర్ తెరిచాను. తాళంచెవి గడువు ముగిసిపోయి, లైబ్రరీని అవతలివాళ్లు గడప బయటే నిలబెట్టేశారు. అత్తకు ఫోన్ కలిపాను. "ఇప్పుడే లేచిన బిడ్డ, ఏంది పొద్దుగాల్నే?" అంది నిక్షేపంగా. ఊపిరి పీల్చుకుని, బాపుకు చెబుతానని అవ్వతో అన్నాను.

"చెప్పకు. చెప్తివా, వేములవాడల దిగి ఎన్కకు అస్తడు."

అదే ఫోన్‌లో అత్తను అడిగి తీసుకున్న కొత్త తాళంచెవి చేతిలోనే ఉంది. పెట్టేస్తే నిన్నటి కబుర్లన్నీ ఒక్కసారిగా బస్సులోనే మోగుతాయి. అక్కడ ఆయన ప్రాణం ఎంత కొట్టుకుంటోందో తెలిసి కూడా చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టంగానే ఉంది, అయినా కూర్చున్నాను. బస్సు కోరుట్ల చేరి ఉంటుందనిపించాక, నిన్నటివి వదిలేసి ఇవాళ్టివే అడగమని రాసి, అప్పుడు పెట్టాను.

తర్వాతిది అత్త చెప్పింది. దుకాణం ముందు నీళ్లు చల్లి తలెత్తితే ఎదురుగా అన్న. ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడట.

"ఏం గావాలె?" అందట, ఎవరో గిరాకిని అడిగినట్టు.

"తువ్వాల," అన్నాడట బాపు.

బోణి గిరాకిని ఏ దుకాణమూ వెనక్కు పంపదు, పగవాడైనా సరే. అత్త లోపలికి రమ్మని, ఆయన నేయించిన తువ్వాలనే తీసి ముందు వేసింది. ఎన్నడూ చూడనట్టు ఆయన అంచు నలిపి చూశాడు. బిల్లు కొట్టింది.

జగిత్యాలలో నా ముందు తెర మీద 'తువ్వాల ఒకటి' అని పడింది. కోరుట్లలో బాపు జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, ఆ కొత్త తువ్వాలతోనే కళ్లు ఒత్తుకున్నాడట.

"ఏందన్నా గది?"

"నీ బోణి అయిందట చెల్లె. ఇగ నేను చాయ్ తాగుత."