గోడ వైపు తిరిగిన ముగ్గురు

పోయిన నెలలో ఒకనాడు, ఆదోని బట్టల బజారు వెనక సందులో ఉన్న పాత ఫోటో స్టూడియోను ఖాళీ చేస్తున్నారని తెలిసి, నేను ఇప్పుడుంటున్న ఎమ్మిగనూరులో పొద్దుటి బస్సుకే బయలుదేరాను. దారి పొడుగునా నా మనసులో ఒకటే కోరిక. ఆ స్టూడియో యజమాని, నా యౌవనంలో నేను రెప్ప వేయకుండా అనుమానించిన ఆ మనిషి, నాకు తెలియకుండా నన్ను మోసం చేసి ఉండాలి. మా అమ్మ ఫోటోకు దొంగతనంగా ఒక ప్రతి తీసుకుని, ఏ అట్టపెట్టెలోనో దాచి ఉండాలి. నన్నొకరు మోసం చేసి ఉంటే బాగుండునని నేనే కోరుకునే రోజు వస్తుందని ఆ కాలంలో ఎవరైనా చెప్పి ఉంటే, అలా చెప్పడంలో కూడా ఏదో మతలబు ఉందనుకునేవాణ్ణి.

నా ఈడు వాళ్ళకు, ఒకప్పుడు ఊళ్ళ మీద పెత్తనం చేసిన ఈ ప్రాంతపు దేశాయి ఇళ్ళ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ మా ఊరు. నాకు ఊహ తెలిసేనాటికే పొలాలు పోయినాయి, ముందు హాలు పత్తి బేళ్ళు వేసుకునే వ్యాపారికి బాడుగకు పోయింది, మేము వెనక గదుల్లోకి జరిగాము. అయినా నేను ఎమ్మిగనూరులో చేసే చిన్న ఉద్యోగానికి ఇస్త్రీ చొక్కా లేకుండా ఏనాడూ పోలేదు, టీ కొట్టు బల్ల మీద ఏనాడూ కూర్చోలేదు. నన్ను ఎవరైనా ఆప్యాయంగా పలకరిస్తే, మా దగ్గర ఇంకా ఏం మిగిలిందని ఇతను పలకరిస్తున్నాడు అని ఆలోచించేవాణ్ణి. ఆస్తి పోయిన ఇంట్లో పుట్టినవాడికి అనుమానమే కాపలా. అది తప్పని నాకు ఇప్పటికీ తోచదు.

మా గోడల మీద తలపాగాలు, కోటులు, తుపాకులు పట్టుకున్న మగవాళ్ళ ఫోటోలు వరుసగా ఉండేవి. ఆడవాళ్ళది ఒక్కటి కూడా లేదు. పరాయి మగవాడి కెమెరా ముందు మా ఇంటి ఆడది కూర్చోకూడదు, పరాయి మగవాడి కన్ను ఆమె పటం మీద పడకూడదు. ఇది ఇంటి పద్ధతి. దాని పర్యవసానం మా అవ్వ పోయినప్పుడు తెలిసింది. కర్మ రోజున దండ వేయడానికి పటం లేక, పీట మీద ఆవిడ చీర మడిచి పెట్టి దానికే బొట్టు పెట్టి దండ వేశారు. వచ్చిన బంధువులంతా ఆ చీరకు దణ్ణం పెట్టి పోయినారు. ఆ సాయంత్రం అమ్మ పీట ఎత్తి గోడకు ఆనిస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది: “రేపు నాకూ ఇట్లే చీర పెడతారేమప్పా?”

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. పరాయివాడు తీయకూడదు కాబట్టి ఇంటివాడే నేర్చుకోవాలి. మా తాత మద్రాసు నుంచి తెప్పించుకున్న కెమెరా ఒకటి తోలు సంచీలో ఉండేది. అమ్ముడుపోనివాటిలో అదొకటి. దాన్ని చంకకు తగిలించుకుని, ఆదోనిలో ఆదివారం ఆదివారం కూడే ఫోటో క్లబ్బులో చేరాను.

క్లబ్బు అంటే పెద్ద హంగేమీ లేదు. బట్టల బజారు వెనక స్టూడియో, దాని యజమాని అయిన సాయిబుగారు, ఒక పత్తి మిల్లు గుమాస్తా, ఎమ్మిగనూరు నుంచి సైకిలు మీద వచ్చే ఒక మాస్టారు. నేను సంచీని గుండెకు అదుముకుని మెట్లెక్కాను. కానీ వీపు మాత్రం నిటారుగా ఉంచాను. సాయిబుగారు లేచి తన కుర్చీ నాకు ఇచ్చాడు. ఎందుకిచ్చాడు? గుమాస్తా నా కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి ఈల వేశాడు. ఎందుకు వేశాడు? మాస్టారు చిన్నగా నవ్వాడు, అది మరీ అనుమానంగా తోచింది. సంచీ పట్టీని మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని కూర్చున్నాను.

ఆ క్లబ్బుకు ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాడి తొలి రీలు అందరి ఎదుటా కడగాలి, అచ్చు వేసిన బొమ్మలను గది అడ్డంగా కట్టిన దండేనికి తడిగానే తగిలించాలి, తక్కినవాళ్ళు ఒక్కొక్కదాని ముందూ నిలబడి తోచింది అనాలి. దాన్ని ‘దండెమెక్కడం’ అనేవారు. దండెమెక్కనివాడు క్లబ్బులో మనిషి కాడు. వెలుతురు ఎటు నుంచి తీసుకోవాలో, దూరం ఎట్లా అంచనా వేయాలో వాళ్ళు చెబుతున్నంతసేపూ నేను ఆ దండేన్నే చూస్తూ ఉన్నాను. స్టూడియోవాళ్ళు బాగా వచ్చిన బొమ్మను వీధి అద్దాల బీరువాలో పెట్టుకోవడం ఎవరు ఎరగరు? మా అమ్మ మొహాన్ని సంతకు వచ్చినవాళ్ళు, టీ తాగేవాళ్ళు, బట్టలు బేరమాడేవాళ్ళు నిలబడి చూడడం నా కళ్ళకు కట్టింది.

అందుకే అమ్మను పెరట్లో కూర్చోబెట్టి తీసిన తొలి రీలును నేను ఎవరికీ చూపలేదు. కెమెరా బాగా లేదని చెబుతూ వారాలు దాటవేశాను. గుమాస్తా ఊరుకునే రకం కాదు.

“ఏమప్పా దేశాయీ, నీ కెమెరా యెన్నాళ్ళు మోస్తాది ఆ రీలును? పురిటికి పుట్టింటికి పంపినావా యేమి?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వినీ విననట్టుగా వాళ్ళు రీలు కడిగే పద్ధతి మాత్రం జాగ్రత్తగా గమనించి, మందుల పొట్లాలు వేరే అంగడిలో తెచ్చుకుని, ఇంట్లోనే కడగడానికి నిశ్చయించుకున్నాను. చీకటి గది కోసం వెతుక్కోనక్కరలేదు. మా ధాన్యపు కొట్టు మిట్టమధ్యాహ్నం కూడా కాటుకలాగా ఉంటుందని, లోపలికి పోయిన జీతగాడు సొంత చెయ్యి కనపడక కేకలు పెట్టేవాడని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. తలుపు వేసుకుని, సందుల్లో గోనెపట్టా కూరి, ఆ మాట మీద నమ్మకంతో రీలు విప్పాను. సగం పని అయిన తర్వాత కళ్ళు చీకటికి అలవాటు పడి చూస్తే, నేల మీద దారంలాంటి వెలుతురు గీత. తలెత్తితే మిద్దె కప్పులో సన్నగా చీలిన నెర్రె. నాన్న కాలపు కొట్టుకు నెర్రెలు లేవు, నా కాలపు కొట్టుకు ఉన్నాయి. రీలంతా బొగ్గులాగా నల్లబడింది. లోకంలో ఒక్కరినీ నమ్మని నేను, మా ఇంటి గోడల్ని మాత్రం నమ్మాను.

అమ్మతో ఆ సంగతి చెప్పడానికి రెండు దినాలు తటపటాయించాను. ఆమె అప్పటికే చిక్కిపోయి, కాస్త దూరం నడిస్తే ఆయాసపడుతోంది. విని, చేతిలోని చేటను పక్కన పెట్టింది.

“మళ్ళా కూచోమంటావా? కూచుంటాలే. ఈసారన్నా తెలిసినోళ్ళ కాడికి పో. నా మొగమేమన్నా జొన్నగిరి చేలో దొరికిన వజ్రమా, ఎవురికీ తెలీకుండా దాయనీకి?”

“పద్ధతి ఒకటుంది గదమ్మా” అన్నాను.

“పద్ధతి పెట్టినోళ్ళంతా గోడెక్కి కూచున్నారు. నేనొకదాన్నే గదప్పా కింద ఉండేది.”

అమ్మను మళ్ళీ కూర్చోబెట్టి తీసిన రెండో రీలు తీసుకుని ఆ ఆదివారం స్టూడియోకు పోయి, కూర్చోకుండానే, చెప్పవలసింది చెప్పాను. ఇందులో ఉన్నది పెరట్లో కూర్చున్న మా అమ్మ. రీలు ఇక్కడే కడుగుతాను, కానీ ఎవరూ చూడడానికి వీల్లేదు, దండేనికి ఎక్కించడానికి వీల్లేదు. క్లబ్బులో ఉండనిచ్చినా సరే, పొమ్మన్నా సరే. నా మాట బెదిరింపులాగా వినిపించి ఉండాలి. కానీ పొమ్మంటే నాకు పోవడానికి ఇంకో చోటు లేదు.

గుమాస్తా ఏదో అనబోయి సాయిబుగారి మొహం చూసి ఆగిపోయాడు. సాయిబుగారు గడ్డం గోక్కున్నాడు.

“మా ఇండ్లల్లో ఉండేదేగదప్పా ఇది, కొత్తేముంది” అన్నాడు. “అచ్చు నువ్వే వెయ్యి. మేము గోడ దిక్కు తిరుక్కోని నిలబడతాం. యేం జెయ్యాల్నో సెప్తా పోతాం.”

రీలు కడగడం పూర్తి చీకట్లో పని, అక్కడ ఎవరికీ ఏమీ కనపడదు. చిక్కంతా ఆ తర్వాత, ఎర్రదీపం కింద కాగితం మీద బొమ్మ తేలేటప్పుడు. ముగ్గురూ వరుసగా గోడకు ఎదురుగా నిలబడ్డారు. ఆ గోడకు అద్దం బిగించిన పటం ఒకటి వేలాడుతోంది. అందులో నీడ పడుతుందేమోనని నేను పోయి దాన్ని దించి, బోర్లా పెట్టాను. కాగితాన్ని మందులో ముంచి పళ్ళాన్ని మెల్లగా ఊపుతూ, ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను ఆ మూడు వీపుల మీద ఉంచాను.

“యేమన్నా తేలిందా?” అన్నాడు సాయిబుగారు గోడతో.

“తేలింది.”

“తేలిందంటే సాలదప్పా. యేం తేలిందో సెప్పు. మాకు కనపడదు గదా, యెప్పుడు తియ్యాల్నో యెట్ల సెప్పేది?”

అది నేను ఊహించని చిక్కు. ఎవరి కంటా పడకూడదనుకున్న మొహాన్ని నేనే నోటితో చెప్పవలసి వచ్చింది.

“జుట్టు కనపడతాంది. కొంగు అంచు. కనుబొమలు.”

“కండ్లు?”

“ఇప్పుడిప్పుడే. నుదుటి మీద ఎడమ పక్క చిన్న మచ్చ ఉంది, చిన్నప్పుడు గడప తగిలింది.”

“అది బొమ్మలో మచ్చ కాదు గదా?” అన్నాడు మాస్టారు.

“కాదు. మా అమ్మదే.”

“ముక్కుపుడక ఉంటాది గదా, అది జూడు” అన్నాడు సాయిబుగారు. “బుగ్గ నలుపెక్కేకొద్దీ అది తెల్లగ తేలుతాది. తేలినప్పుడు సెప్పు.”

“ఇంట్లో ఆడది అలిగినా ఇంతసేపు గోడ సూస్తా నిలబడలేదప్పా నేను” అన్నాడు గుమాస్తా. ఎవరూ నవ్వలేదు.

ముక్కుపుడక తేలింది. దాని కింద పెదవులు. పళ్ళాన్ని ఇంకో రెండుసార్లు ఊపాను. చివరికి, “నవ్వు ఆపుకుంటాండాది” అన్నాను.

“తియ్యి” అన్నాడు సాయిబుగారు. “ఇంక ఊపద్దు. తియ్యి.”

బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో మందులో పెట్టి, నీళ్ళలో వేశాను. ఇంకా చాలాసేపు నీళ్ళలో నాననివ్వాలనీ, హైపో పూర్తిగా పోకపోతే రంగు తిరుగుతుందనీ సాయిబుగారు గోడ వైపే తిరిగి రెండు మూడుసార్లు చెప్పాడు. నాకు మాత్రం, నన్ను బయటికి పంపి ఆ కాగితాన్ని తొట్టిలో ఉంచుకునే ఉపాయంలాగా వినిపించింది. తడి కాగితాన్ని కండువాలో చుట్టి, నెగెటివ్‌ను జేబులో వేసుకుని, దీపం వేయమన్నాను.

వెలుతురు వచ్చాక గుమాస్తా ఊరుకోక, ఒక తెల్ల కాగితాన్ని దండేనికి తగిలించాడు. ఆచారం తప్పకూడదట. ముగ్గురూ ఆ ఖాళీ కాగితం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెలుతురు పెరటి వైపు నుంచి తీసుకోవడం మంచిదైందని మాస్టారు అన్నాడు. నవ్వు ఆపుకున్నప్పుడే నొక్కడం గురి అని గుమాస్తా అన్నాడు. సాయిబుగారు మాత్రం, దేశాయి దండెమెక్కినాడు అని ఒక్క ముక్క అన్నాడు. నన్ను ఎగతాళి చేస్తున్నారనుకుని దిగి వచ్చేశాను. ఆ మూడు వీపుల్లో ఏదైనా ఒకటి, నేను కండువా పరుస్తున్న క్షణంలో, ఇటు తిరిగిందా అన్న ప్రశ్న మాత్రం నాతోనే ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు పోయాను. పోయినప్పుడల్లా వీధి బీరువా అద్దాలను ఒకసారి పరీక్షగా చూసిగానీ మెట్లెక్కేవాణ్ణి కాదు.

అమ్మ పోయినప్పుడు పీట మీద చీర పెట్టలేదు, పటమే పెట్టాము. ఆ తృప్తి నాకు చాలింది. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాగితం పసుపెక్కింది, తర్వాత గోధుమరంగయింది, అంచుల నుంచి లోపలికి మొహం వెనక్కి పోవడం మొదలయింది. కొట్టులో పెట్టెలో దాచిన నెగెటివ్, ఒక వానాకాలం మిద్దె కూలినప్పుడు నాని, కవరుకు అతుక్కుని ఊడిపోయింది. ఈ ఏడు అమ్మ తిథినాడు మా చెల్లెలి మనవరాలు దండ వేయడానికి వచ్చి, పటం వైపు తేరిపార చూసి, “ఇందులో ఎవురున్నారు తాతా?” అని అడిగింది. నాకు స్టూడియో గుర్తుకొచ్చింది అప్పుడే.

సాయిబుగారు పోయి చాలా కాలమైంది. గుమాస్తా, మాస్టారు కూడా లేరు. నేను స్టూడియోకు చేరేసరికి అట్టపెట్టెలు సర్దుతున్నది సాయిబుగారి కూతురు, ఆమెకూ జుట్టు నెరిసింది. పాత ఫోటో ఒకటి వెతుక్కోవాలని మాత్రమే చెప్పాను. పాపం ఆమె కూడా నాతోపాటు నేల మీద కూర్చుని వెతికింది. పెళ్ళిళ్ళు, బారసాలలు, హాల్‌టికెట్ల మొహాలు, ఎవరెవరివో. అమ్మ లేదు. చివరి పెట్టె మూస్తూ ఆమె నన్ను పరిశీలనగా చూసింది.

“మీరు దేశాయి సార్ గదా? నుదుట ఎడమ పక్క మచ్చ, ముక్కుపుడక, నవ్వు ఆపుకుంటాండే అమ్మ… ఆ యమ్మ కొడుకే గదా మీరు?”

చూశాడు! సాయిబు చూశాడు! “మీ నాయన చూసినాడా? ప్రతి ఉందా? యాడ పెట్టినాడు?” అని, జీవితంలో ఎవరినీ అంత దీనంగా అడగని నేను, ఆమెను అడిగాను.

ఆమె తెల్లబోయింది. “అయ్యో, మా అబ్బా యాడ జూసినాడు సార్? మీరు సెప్తాంటే విన్నాడంట. ముగ్గురిలో ఒకరు గూడా తిరగలేదని మాకు యెన్నిసార్లు సెప్పినాడో. మొగం జూడకుండా ఆయన అచ్చేయించిన ఫోటో అదొకటేనంట.”

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్న పిల్లవాడు ఫోను మీద వేలితో మొహాలు తోసుకుంటూ పోయాడు, ఒక్కొక్కటీ రెప్పపాటు కూడా నిలవలేదు. ఇప్పుడు ఎవరి మొహమైనా ఎవరైనా తీస్తారు, ఎవరైనా చూస్తారు, ఎవరూ గోడ వైపు తిరగనక్కరలేదు, ఏం తేలిందో ఎవరికీ నోటితో చెప్పనక్కరలేదు. ఇందులో మేలెంతో కీడెంతో నాకు తెలియదు. ఆ ముగ్గురిలో ఒక్కరైనా మాట తప్పి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే, లోకంలో ఇంకొక జత కళ్ళలో కొంతకాలమైనా మా అమ్మ ఉండి ఉండేది. వాళ్ళు తిరగలేదు. ఇంటికొచ్చి ఆ గోధుమరంగు కాగితం ఎదుట కూర్చుని కళ్ళు మూసుకుంటే, నాకూ మొహం రావడం లేదు. వరుసగా మాటలే వస్తున్నాయి. జుట్టు, కొంగు అంచు, నుదుటి మచ్చ, ముక్కుపుడక. చివరి మాటకు, ఆ ఆపుకున్న నవ్వు దగ్గరికి వచ్చేసరికి, ఎక్కడో గోడ వైపు తిరిగి ఒక గొంతు, ఇంక ఊపద్దు, తియ్యి అంటుంది.